అడోబోకి కొలతలు అడక్కండి: ఫిలిప్పీన్స్ ఇంటి వంట వెనకున్న లెక్క

2021 జులైలో ఫిలిప్పీన్స్ వాణిజ్య శాఖ ఒక ప్రకటన ఇచ్చింది, మన వంటలకి స్టాండర్డ్స్ రాసుకుందాం, ముందు అడోబోతో, అంటే వెనిగర్‌లో ఉడికించే కూరతో మొదలుపెడదాం, తర్వాత సినిగాంగ్ అనే పులుసు, లెచోన్ అనే కాల్చిన పంది, సిసిగ్ అనే పంది మాంసం వేపుడు సంగతి చూద్దాం అని. ఇంకేముంది, సోషల్ మీడియా భగ్గుమంది. ఎవరింట్లో అడోబో వాళ్ళది, మధ్యలో గవర్నమెంట్‌కేం పని అని జనం ఎగబడ్డారు. చివరికి శాఖ వాళ్ళే దిగొచ్చి, అబ్బే ఇది ఇళ్ళల్లో వండుకునేవాళ్ళకి కాదండీ, బయటి దేశాల్లో మన వంటని పరిచయం చేసుకోడానికి, తప్పనిసరేం కాదు అని సర్దిచెప్పుకోవాల్సొచ్చింది. రేపు పులిహోరకి ఐఎస్ఐ మార్కు వేస్తామంటే గుంటూరు వాళ్ళూ గోదావరి వాళ్ళూ ఏం చేస్తారో ఊహించుకోండి, సరిగ్గా అదే జరిగింది అక్కడ.

ఈ గొడవ ఎందుకు చెప్తున్నానంటే, ఫిలిప్పీన్స్ వంట గురించి బయటివాళ్ళు తికమకపడేదంతా ఇక్కడే ఉంది. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళకి పక్క సీట్లోనో పక్క రూమ్‌లోనో ఫిలిప్పినోలు ఉంటారు, దావావో మనీలా వైపు ఎంబీబీఎస్‌కి వెళ్ళిన తెలుగు పిల్లలైతే చెప్పక్కర్లేదు, అయినా వీళ్ళలో చాలామందికి తెలిసిన ఫిలిప్పీన్స్ వంట అంటే పంది మాంసం, చక్కెర వేసిన స్పఘెట్టి, ఆ పిల్ల ఉన్న బాతుగుడ్డు, అంతే. ఆ గుడ్డుని బలూట్ అంటారు, అది రోడ్డు పక్కన సాయంత్రాలు అమ్మే చిరుతిండి, ఇంట్లో వండేది కాదు, కాబట్టి దాన్ని పక్కనపెడదాం. యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకుందామా అంటే పది వీడియోల్లో పది అడోబోలు ఉంటాయి, ఒకదానికొకటి సంబంధం ఉండదు, ఏది అసలుదో అర్థంకాదు.

అసలుదేదీ లేదు. అక్కడ చాలా వంటలకి పేరనేది రెసిపీకి కాదు, పద్ధతికి. మనం వేపుడు, పులుసు, ఇగురు అంటాం కదా, దేంతో అనేది తర్వాత మాట. అలాగే వాళ్ళకి వెనిగర్‌లో ఉడికిస్తే అడోబో లేదా పక్సివ్, పుల్లటి నీళ్ళలో ఉడికిస్తే సినిగాంగ్, కొబ్బరిపాలల్లో అయితే గినతాన్, వెల్లుల్లి ఉల్లి టమాటా వేయించి చేస్తే గినిసా, ఊరికే నీళ్ళలో ఉడికిస్తే నిలాగా, నిప్పుల మీద కాలిస్తే ఇనిహావ్, పచ్చి చేపని వెనిగర్‌లో వేస్తే కినిలావ్. ఈ ఏడు పద్ధతులు తెలిస్తే రోజువారీ వంట చాలావరకు తెలిసినట్టే, మిగతాది ఆరోజు మార్కెట్లో ఏం దొరికింది, చేతిలో ఎంతుంది అనేదే.

ముందు అడోబో సంగతి చూద్దాం, గొడవ దానితోనే మొదలైంది కాబట్టి. మాంసం, వెనిగర్, దండిగా వెల్లుల్లి, నల్ల మిరియాలు, బిర్యానీ ఆకు, ఉప్పు. దీని అస్థిపంజరం ఇదే. సోయా సాస్ చైనా వ్యాపారులతో వచ్చింది, ఇప్పుడు చాలా ఇళ్ళల్లో అది లేకుండా అడోబో ఊహించలేరు, కానీ అది వెయ్యకుండా చేసే తెల్ల అడోబో కూడా ఉంది, దాన్ని అడోబోంగ్ పుతి అంటారు. బటాంగస్ వైపు పసుపు వేస్తారు. బికోల్ వైపు కొబ్బరిపాలు పోస్తారు. చికెన్‌తో చేస్తారు, పోర్క్‌తో చేస్తారు, రెండూ కలిపి చేస్తారు, స్క్విడ్‌ని దాని సిరాతో సహా చేస్తారు, తూటికూరతో కూడా చేస్తారు. పేరేమో స్పెయిన్ వాళ్ళది, కానీ వంట వాళ్ళు రాకముందే ఉంది, 1613లో పెద్రో దె సాన్ బ్వెనవెంతూరా అనే స్పానిష్ ఫాదర్ తగాలోగ్ నిఘంటువు రాసినప్పుడు ఇక్కడివాళ్ళ అడోబో అని రాసుకున్నాడు, అంటే తనకి తెలిసిన పేరుని ఎదురుగా కనబడ్డ వంటకి తగిలించాడన్నమాట.

వెనిగరే ఎందుకంటే, వేడి, ఉక్కపోత, ఫ్రిజ్ లేని రోజులు. వెనిగర్, ఉప్పు పడ్డ మాంసం త్వరగా పాడవ్వదు, పైగా రెండోరోజుకి రుచి పెరుగుతుంది, మన చేపల పులుసు లాగే. పైగా వెనిగర్‌కి కొదవేం లేదు, కొబ్బరి కల్లు పులిస్తే వెనిగర్, చెరకు రసంతో ఇలోకోస్ వాళ్ళు చేస్తారు, బులకాన్‌లో పావుంబోంగ్ అనే ఊరు నీపా అనే తాటి జాతి చెట్టు రసంతో చేసే వెనిగర్‌కి ఫేమస్. ఇవన్నీ కాస్త మెత్తగా, కొంచెం తియ్యదనంతో ఉంటాయి. మన కిరాణా షాపుల్లో దొరికే సింథటిక్ వెనిగర్ గొంతులో గుచ్చుకుంటుంది, దాంతో రెసిపీలో చెప్పినంత పోసేసి ఇదేం వంటరా బాబూ అనుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు, తప్పు సీసాది. సగమే పోసి నీళ్ళు కలుపుకోండి, లేకపోతే కొబ్బరి వెనిగరో చెరకు వెనిగరో వెతుక్కోండి.

ఇంకో మెలిక ఉంది. మాతో రూమ్ షేరింగ్‌లో ఇలోయ్లో అనే ఊరి ఆవిడ ఒకావిడ ఉండేది, అందరం ఆటె అని పిలిచేవాళ్ళం, మన అక్క లాగ, నన్ను కుయా అనేది, అంటే అన్నయ్య, వయసులో నాకన్నా పెద్దదే అయినా మర్యాదకి. ఆవిడ అడోబో చేస్తున్నప్పుడు నేను పక్కనుంచి గరిట పెట్టబోతే కలపకు కుయా అని చెయ్యి పక్కకి నెట్టేసింది. వెనిగర్ పోశాక మూత పెట్టకుండా, కలపకుండా, ఒక పొంగు వచ్చి ఆ ఘాటు ముక్కుకి తగలడం తగ్గేదాకా వదిలెయ్యాలి, అప్పుడే కలిపితే పచ్చి పులుపు కూరలో ఉండిపోతుంది అని ఆవిడ లెక్క. చాలామంది ఇదే చెప్తారు. ఆ తర్వాత సన్న సెగ మీద మాంసం మెత్తబడి, నీళ్ళు ఇంకి, నూనె పైకి తేలేదాకా ఉంచింది, అప్పుడు ముక్కల్ని తీసి అదే నూనెలో అంచులు ఎర్రబడేలా వేయించి మళ్ళీ సాస్‌లో వేసింది. కారం చుక్క లేదు, మసాలా లేదు, ధనియాలు జీలకర్ర ఊసే లేదు, అన్నంలో కలుపుకుంటే మాత్రం ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అనిపించేస్తుంది.

తెలుగువాళ్ళకి తొందరగా పట్టుబడేది మాత్రం సినిగాంగే అని నా అభిప్రాయం. ఎందుకంటే అది చింతపండు. పచ్చి చింతకాయలు ఉడికించి పిసికి ఆ నీళ్ళలో మాంసమో, రొయ్యలో, బంగుస్ అనే పాలచేపో ఉడికించి, ముల్లంగి, వంకాయ, బెండకాయ, పొడుగు బొబ్బర కాయలు, చామదుంప, చివర్లో తూటికూర, రెండు పొడుగు పచ్చిమిరపకాయలు వేస్తారు. ఈ లిస్టు చదివితే మనింటి ముక్కల పులుసు గుర్తొస్తుంది, కానీ తేడా ఏంటంటే పోపు ఉండదు, బెల్లం ఉండదు, పిండి కలిపి చిక్కబెట్టరు, అది చారు లాగ పల్చగా ఉండాలి. చిక్కదనం కావాలంటే చామదుంప ఉడికి కాస్త కరుగుతుంది, ఇంకా చాలా ఇళ్ళల్లో మామూలు నీళ్ళకి బదులు బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళు పోస్తారు. ఉప్పు బదులు పాతిస్, అంటే చేపలు ఉప్పులో ఊరబెట్టి తీసిన నీరు.

పులుపు ఊరూరికీ మారుతుంది. కమియాస్ అని స్టార్ ఫ్రూట్ జాతికి చెందిన పచ్చటి చిన్న కాయ ఉంటుంది, చెట్టు పెరట్లో ఉంటే అదే వేస్తారు. ఇలోయ్లో వైపు బటువాన్ అనే కాయ. ఇంకొన్నిచోట్ల పచ్చి మామిడి, సాంతోల్ అనే పుల్లటి పండు, చివరికి పండిన జామకాయతో కూడా చేస్తారు, జామకాయ సినిగాంగ్ కాస్త తియ్యగా వాసనగా ఉంటుంది, మొదటిసారి తింటే ఇదేంటి అనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. ఇప్పుడు సిటీల్లో చాలామంది చింతపండు పొడి ప్యాకెట్ చింపి వేసేస్తారు, దుబాయ్ కరామాలో ఫిలిప్పినో షాపులోకి వెళ్తే అల్మారా నిండా అవే. ప్యాకెట్ వాడితే వంటరాని వాళ్ళ కింద లెక్కకట్టేవాళ్ళు అక్కడా ఉన్నారు, మనకి సాంబార్ పొడి మీద ఉన్న గొడవే అది, నాకైతే పెద్ద తేడా తెలీలేదు గానీ ఆటె ముందు ఆ మాట అనలేదు.

మిగతా రోజువారీ వంటలు గబగబా చెప్పేస్తా. తినోలా అంటే కోడి, అల్లం, పచ్చి బొప్పాయి ముక్కలు, మునగాకు వేసిన పల్చటి సూప్, ఒంట్లో బాగోలేనప్పుడు, బాలింతలకి, వానరోజు. పినక్‌బెట్ ఇలోకోస్ వాళ్ళ కూరగాయల కూర, కాకరకాయ వంకాయ బెండకాయ అన్నీ కలిపి, బగోంగ్ అనే ఊరబెట్టిన చేప ముద్దతో ఉడికిస్తారు. లాయింగ్ బికోల్‌ది, ఎండబెట్టిన చామాకుని కొబ్బరిపాలల్లో మిరపకాయలతో దగ్గరగా ఉడికిస్తారు, కారం తినే ప్రాంతం అక్కడ అదొక్కటే అన్నంత పేరుంది బికోల్‌కి, కారం కోసం కళ్ళు కాయలు కాచిన మనవాళ్ళు అక్కడి వంటతో మొదలుపెట్టుకోవచ్చు. ఇక పొద్దున్నే రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లితో వేయించి, వేయించిన గుడ్డు ఒకటి, పక్కన ఎండిన చేపో తియ్యటి మాంసమో. దీన్ని సిలోగ్ అంటారు. చద్దన్నం పారెయ్యని జాతి అన్నమాట.

ఇక్కడిదాకా చెప్పిన రోజువారీ వంటల్లో అడోబో, గినిసా లాంటివి తప్ప పేర్లు చాలావరకు వాళ్ళ సొంత భాషలవే, గమనించారా? పండగ టేబుల్ దగ్గరికొస్తే పేర్లు మారిపోతాయి, మెనూ మొత్తం స్పానిష్ పేర్లు, చైనా పేర్లు. కల్దెరేతా, మెచాడో, మెనూడో, అఫ్రితాదా, ఎంబుతీదో అనే మాంసం రోల్, లేచే ఫ్లాన్ అనే గుడ్ల కస్టర్డ్, పాన్సిత్ అనే నూడుల్స్, లుంపియా అనే స్ప్రింగ్ రోల్. ఎందుకంటే స్పెయిన్ వాళ్ళు 300 ఏళ్ళకి పైగా ఏలారు, 1565 నుంచి 1815 దాకా అకపుల్కో మనీలా మధ్య ఓడలు తిరిగాయి, టమాటా, మిరప, పల్లీ, జాఫ్రా, బొప్పాయి అన్నీ మెక్సికో నుంచి ఆ ఓడల్లోనే వచ్చాయి, కానీ ఎర్ర మాంసం, సాసేజీలు, పాలు, గుడ్లు, ఆలివ్ నూనె పెట్టి వండే దొరల వంట మామూలు రైతు ఇంట్లో రోజూ సాగేది కాదు, ఊరి పండగకో పెళ్ళికో బాప్తిస్మానికో మాత్రమే. అలా రోజువారీది సొంత పద్ధతి, పండగది పరాయి పేరు అనే గీత పడిపోయింది, ఇప్పటికీ చాలావరకు ఉంది.

ఆ లిస్టులో మొదటి నాలుగూ టమాటా కూరలే, వాటికి తేడా ఏంటని అడిగితే ఫిలిప్పినోలే నవ్వేస్తారు, దీనిమీద మీమ్స్ కుప్పలుతెప్పలు. చూడ్డానికి నాలుగూ ఎర్రగా, బంగాళదుంప క్యారెట్ వేసి ఒకేలా ఉంటాయి. నాకు తెలిసిన గుర్తులు చెప్తా. మెనూడో అంటే పోర్క్, లివర్ చిన్న ముక్కలుగా కోసి, కొందరు ఎండుద్రాక్ష కూడా వేస్తారు. అఫ్రితాదా అంటే ఎక్కువగా చికెన్, పెద్ద ముక్కలు, క్యాప్సికమ్. మెచాడో అంటే బీఫ్, మధ్యలో కొవ్వు గుచ్చి, సోయా సాస్, కలమన్సి నిమ్మకాయ రసం పడుతుంది. కల్దెరేతా మేకతోనో బీఫ్‌తోనో, లివర్ ముద్ద కలిపి చిక్కగా, కాస్త కారంగా, ఈమధ్య చీజ్ కూడా. ఇంతా చెప్పాక కూడా టేబుల్ మీద పెడితే నేను గుర్తుపడతానని గ్యారంటీ లేదు.

పాన్సిత్ మాత్రం ప్రతి పుట్టినరోజుకీ ఉండాల్సిందే, నూడుల్స్ పొడుగ్గా ఉంటే ఆయుష్షు పొడుగు అని నమ్మకం, అందుకే విరవరు. గుండ్రటి వెదురు చేటలో అరిటాకు పరిచి దానిమీద పోసి పట్టుకొస్తారు, చుట్టూ కోసిన కలమన్సి ముక్కలు. పక్కనే తియ్యటి స్పఘెట్టి, హాట్‌డాగ్ ముక్కలతో. దాన్ని చూసి ఇటలీ వాళ్ళు ఏడుస్తారని జోకులేస్తారు కానీ దాని వెనకున్న మనిషి గురించి తెలిస్తే అలా అనబుద్ధి కాదు. మరియా ఒరోసా అనే ఫుడ్ కెమిస్ట్, అమెరికాలో చదువుకుని తిరిగొచ్చి, దిగుమతి సరుకు మీద ఆధారపడకుండా ఇక్కడి పండ్లతో ఇక్కడి తిండి చేసుకోవాలని పట్టుబట్టింది, టమాటాకి బదులు అరటిపండుతో కెచప్ అనే ఆలోచన ఆవిడదే. యుద్ధం రోజుల్లో ఖైదీల క్యాంపులకి సోయా పొడి దొంగచాటుగా పంపించింది, 1945 ఫిబ్రవరిలో మనీలా మీద బాంబులు పడ్డప్పుడు చనిపోయింది. ఆ అరటి కెచప్పే ఇవాళ ప్రతి పిల్లాడి బర్త్‌డే స్పఘెట్టిలో ఉంటుంది.

కరె-కరె గురించి చెప్పకపోతే మనకి లోటు. ఎద్దు తోక, బోటి, వంకాయ, అరటి పువ్వు, వీటిని వేయించిన పల్లీల ముద్ద, వేయించిన బియ్యం పిండి, జాఫ్రా రంగుతో చేసే చిక్కటి కూర. 1762లో బ్రిటిష్ వాళ్ళు మద్రాసు నుంచి ఓడలేసుకుని వెళ్ళి మనీలా పట్టుకున్నారు, 1764 దాకా ఉన్నారు, వాళ్ళతో వెళ్ళిన మద్రాసు సిపాయిల్లో కొందరు తిరిగి రాకుండా కాయింతా అనే ఊళ్ళో స్థిరపడిపోయారు, ఇదంతా చరిత్ర. వాళ్ళు తమ కూర వండుకోబోయి దొరికిన సరుకుతో చేసిందే కరె-కరె అని అక్కడ గట్టిగా చెప్పుకునే కథ, పంపాంగా ప్రాంతం వాళ్ళు మాత్రం అది మాదే అంటారు. నా మాటకొస్తే, జీలకర్ర, ధనియాలు లాంటివేవీ లేని కూరలో మద్రాసు ఎక్కడుందో వెతికినా దొరకదు, కానీ సిపాయిల కథ వినడానికి మాత్రం భలే ఉంటుంది.

కరె-కరె తిన్న మనవాళ్ళు చాలామంది ఇందులో ఉప్పు లేదేంటి అంటారు. ఉండదు, కావాలనే. పక్కన చిన్న గిన్నెలో బగోంగ్ అలమాంగ్ పెడతారు, చిన్న రొయ్యలు ఉప్పులో ఊరబెట్టి వేయించిన ముద్ద, ప్రతి ముద్దకీ కాస్త అద్దుకోవాలి. ఇది వాళ్ళ వంటలో చాలామంది పట్టుకోలేని పాయింట్. వండేవాళ్ళు కూరని పూర్తిచెయ్యరు, చివరి పని తినేవాళ్ళకి వదిలేస్తారు. సావ్‌సావన్ అంటారు వాటిని, వేయించిన చేపకి వెనిగర్‌లో దంచిన వెల్లుల్లి మిరపకాయ, సినిగాంగ్‌లో మాంసానికి పాతిస్‌లో నలిపిన మిరపకాయ, కాల్చిన మాంసానికి సోయా సాస్‌లో కలమన్సి. ఒకే కూర నలుగురు నాలుగు రుచుల్లో తింటారు, వండినావిడ ఏమీ అనుకోదు. మన దగ్గర కూరలో ఉప్పు కలుపుకుంటే వండినవాళ్ళ మొహం మాడిపోతుంది, అక్కడ గిన్నె ముందుకు జరుపుతారు. స్టాండర్డ్ రాస్తామంటే జనానికి ఎందుకు మండిందో కూడా ఇందులోనే ఉంది, కొలత రాస్తే అది ఎవరి నాలుకకి?

గెదరింగ్ అయ్యాక మిగిలినవి ఇంటికి మూటకట్టుకెళ్ళడం అక్కడ సిగ్గుపడే పని కాదు, పిలిచినవాళ్ళే కవర్లు తెచ్చిపెడతారు. ఇక లెచోన్, అంటే నిప్పుల మీద తిప్పుతూ కాల్చిన పంది, మిగిలిపోతే మర్నాడు దాన్నే వెనిగర్, లివర్ సాస్‌లో ఉడికించి పక్సివ్ చేస్తారు, దానికోసమే ముందురోజు కొంచెం దాచుకునేవాళ్ళు ఉంటారు.

ఇదంతా చదివి అక్కడంతా పోర్కేనా అనుకోకండి. దక్షిణాన మిందనావోలో ముస్లిం ఇళ్ళల్లో హలాల్ వంట వేరే ప్రపంచం. మారనావ్ వాళ్ళు పలాపా అని ఉల్లికాడ జాతి మొక్క, అల్లం, మిరపకాయలు దంచి ఒక కారం చేస్తారు, అది ఇంట్లో లేని రోజుండదు. తావుసుగ్ వాళ్ళు కొబ్బరిని నల్లగా మాడ్చి నూరి ఆ ముద్దతో కోడి వండుతారు, నల్లటి కూర, రుచి మాత్రం గాఢంగా ఉంటుంది. మనవాళ్ళ నాలుకకి మనీలా వంట కన్నా ఇది దగ్గర.

వెజిటేరియన్లు ఏం చెయ్యాలంటే గినిసాంగ్ మొంగోతో మొదలుపెట్టండి. పెసలు నానబెట్టి మెత్తగా ఉడికించి, వేరే గిన్నెలో వెల్లుల్లి, ఉల్లి, టమాటా వేయించి పెసలు పోసి, దించేముందు గుప్పెడు మునగాకు. మాంసం మానే శుక్రవారాల్లో, ముఖ్యంగా ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ ఉపవాస రోజుల్లో, కాథలిక్ ఇళ్ళల్లో ఇదే. దావావోలో చదివే పిల్లలకి ఇంతకన్నా సుఖం లేదు, పెసలూ మునగాకూ ఏ పలెంగ్కెలో, అంటే ఊరి మార్కెట్లో అయినా దొరుకుతాయి, ఓ రెండు ఎండుమిరపకాయలు పోపు వేసుకుంటే ఇంటి పెసరపప్పే. ఒకటే జాగ్రత్త, బయట తినేటప్పుడు ఇందులో మాంసం లేదు కదా అని అడిగి ఊరుకోకండి. మాంసం లేదు అంటే వాళ్ళ లెక్కలో ఎండు రొయ్యలు, పాతిస్, పైన చల్లే పంది తోలు చిప్స్ ఇవేవీ లెక్కలోకి రావు, ఒక్కొక్కదాని పేరూ చెప్పి అడగాలి.